ఇంటి చదువు – ఇంటి పని



ఈ నడుమ నాకు వచ్చుచున్న జాబులలో ఒక ప్రశ్న తఱచుగా కనబడుచున్నది. ఎదిగిన ఆడపిల్లలను బడికి పంపక ఇంటియొద్దనే చదివించుట మేలా, కీడా యని కొందఱు అడుగుచున్నారు. మీ యింట నెట్లు జరుగుచున్నదో వ్రాయుడని మఱికొందఱు కోరుచున్నారు. మావారు బడిపంతులు, మా కుమార్తె లిరువురును బడికి పోరు. ఈ రెండు మాటలను ఒక్కచోట విన్నవారు ముక్కుపై వేలు వేసికొనుట సహజమే. కావున ఈ మాసము ఆ సంగతియే ముచ్చటింప దలచితిని.

మేము శేరిలింగంపల్లి ప్రాంతమున మసీదుబండలో అద్దె యింట నున్నాము. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్స్ అను మేడను ప్రారంభించిరి. అంతకు పూర్వము కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ యనునవి బండరాళ్ల నడుమ నున్న పల్లెలు. నేడు ఆ బండల స్థానమున అద్దాల మేడలు లేచినవి. ఉద్యోగములు పెరిగినవి, వాహనములు పెరిగినవి, బాటలపై గడుపు కాలమును పెరిగినది. మా పెద్దమ్మాయి రాకపోకలకు బడి బస్సులో దినమునకు మూడు గంటలు కూర్చుండెడిది. ఇల్లు చేరునప్పటికి పుస్తకము పట్టు ఓపిక యుండెడిది కాదు. 2020లో కరోనా కారణముగ బడులు మూతపడినప్పుడు పిల్లలకు ఇంట కూర్చుండి చదువుట అలవడినది. ఎనిమిదవ తరగతి ముగిసిన పిదప ఇంటనే చదువుకొందునని పెద్దది అడిగినది. రెండేండ్ల తరువాత చిన్నదియు అట్లే అడిగినది. పెద్దదానికి ఇప్పుడు పదునాఱేండ్లు, చిన్నదానికి పదునాలుగు. పిల్లవాడు పదేండ్లవాడు, వీథి చివరనున్న బడికి నడచి పోవును.

ఆడపిల్ల యింట చదువుట మన తెలుగునాట క్రొత్త కాదు. వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టినది 1874లో. ఆ సంవత్సరముననే జన్మించిన బండారు అచ్చమాంబగారు బడి ముఖము చూడలేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆయన తోడ్పాటుతో ఇంటనే చదువు నేర్చి, స్త్రీల చరిత్రలను కూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసిరి. దుర్గాబాయమ్మగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు బడిలో చేరకయే చదివి ఉత్తీర్ణురాలైరి. తాము నడచిన త్రోవను ఇతరులకును చూపదలచి, 1937లో మదరాసున ఆంధ్రమహిళాసభను స్థాపించి, బడి తప్పిన స్త్రీలను ఆ పరీక్షకే చదివించిరి. ఆమె పిదప న్యాయవాదియై, రాజ్యాంగసభలో సభ్యురాలైరి. కావున గోడలు ఇంటివైనను, బడివైనను చదువు వచ్చును. అందు సందేహము లేదు.

సందేహమంతయు వేఱొకచోట నున్నది. పూర్వము మన ముత్తవ్వలను చదువు వలదని యింట నుంచిరి. నేడు మన పిల్లలను చదువుకొఱకే యింట నుంచుచున్నాము. ఉద్దేశము మాఱినది గాని, ఇల్లు మాఱలేదు. ఇంటిలో ఆడపిల్ల కనబడినచో పని చెప్పవలెనను అలవాటును మాఱలేదు. పిల్లవాడు పుస్తకము తెఱచినచో “వాడు చదువుకొనుచున్నాడు” అందురు. పిల్ల పుస్తకము తెఱచినచో “అది ఊరకే యున్నది” అందురు. పనిమనిషి రాని దినమున అంట్లు తోమువా రెవరు? చుట్టములు వచ్చినప్పుడు కాఫీ తెచ్చువా రెవరు? నీళ్ల డబ్బా వచ్చినది, పార్సెలు వచ్చినది, కుక్కరు కూత పెట్టినది, లేచు వారెవరు? బడికి పోవు పిల్ల ఈ పనులనుండి దినమునకు ఏడెనిమిది గంటలు తప్పించుకొనును. ఇంట చదువు పిల్లకు ఆ గోడ లేదు.

ఈ సంగతి మా యింట తేటపడిన విధము చెప్పెదను. పెద్దది ఇంట చదువ మొదలుపెట్టిన క్రొత్తలో మావారు తమ వృత్తి కలవాటైన హాజరుపట్టీవలె నొక నోటుపుస్తకమున గీతలు గీసి గోడకు వ్రేలాడదీసిరి. చదువు వేళలో పిల్లను ఎవరైనను పిలిచినచో అందొక గీత గీయవలెను. ఎవరినీ తప్పు పట్టరాదు. లెక్క మాత్రము వ్రాయవలెను. వారము ముగియునప్పటికి ఇరువది మూడు గీతలైనవి. అందొక్కటియు పెద్ద పని కాదు. తలుపు తీయుట, పొయ్యి ఆర్పుట, మామ్మ కంటిలో మందు వేయుట, తమ్ముని చొక్కా వెదకుట. ఏ పనియు రెండు మూడు నిమిషములు దాటలేదు. అయితే, బీజగణితపు లెక్క నడుమ లేచిన పిల్ల తిరిగి వచ్చి మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చును. రెండు నిమిషముల పని పావుగంట చదువును మ్రింగును. ఆ లెక్కన వారమునకు ఇంచుమించు ఆఱు గంటలు, నెలకు ఇరువదియైదు గంటలు. బస్సులో పోవు కాలము మిగిలినదని సంతోషించినవారము, ఆ కాలము వంటయింటి త్రోవను పోవుచున్నదని యెఱుగవలదా?

మా అత్తగారు ఆ గీతలను చాలసేపు చూచిరి. ఆమెను అయిదవ తరగతిలో బడి మాన్పించిరట. చంటి తమ్ముని ఎత్తుకొనుటకు మనిషి కావలసి వచ్చినది. “నన్ను మాన్పించిన నాడు ఇట్లు గీతలు గీసి లెక్క కట్టినవారు లేరే తల్లీ!” అని మనుమరాలితో నొక్క మాట యనిరి. మఱునాటినుండి ఉదయపు వేళ తలుపు చప్పుడైనచో ఆమెయే లేచుచున్నారు. మోకాళ్ల నొప్పులు గల మనిషి, మెల్లగ నడచి పోయి, “పిల్లలు చదువుకొనుచున్నారు, మెల్లగ మాటలాడుడు” అని వచ్చినవారితో చెప్పుచున్నారు.

అటుపిమ్మట మే మేర్పఱచుకొన్న కట్టుబాట్లు ఇవి. ఉదయము అయిదున్నర మొదలు ఏడు వఱకు నాయొద్ద తెలుగును, సంస్కృతమును. తొమ్మిదిన్నర మొదలు పండ్రెండున్నర వఱకు గణితము, విజ్ఞానశాస్త్రము. అప్పుడు ఇల్లు తగులబడిన గాని పిలువరాదు. మధ్యాహ్నము రెండు గంటలు స్వయముగ చదువుకొనుట, వ్రాసికొనుట. సాయంకాలము మావారు బడినుండి వచ్చి కాళ్లు కడుగుకొని కాఫీ త్రాగిన పిదప నాటి లెక్కలను దిద్దుదురు. ఇంటిపనిని ఆఱుగురికి పంచితిమి. మంచినీళ్లు పట్టుట పిల్లవాని వంతు. రాత్రి వంటయిల్లు సర్దుట మావారి వంతు. కూర తఱుగుట చిన్నదానిది, బట్టలు మడచుట పెద్దదానిది. కూర్చుండి చేయదగిన బియ్యము ఏరుట, చింతపండు పిక్క తీయుట అత్తగారు కోరి తీసికొనిరి. ఆడపిల్లలకు పని నేర్పవలదని నేననుట లేదు. పని అందఱికి రావలెను; వేళ తప్పి రారాదు.

“ఇంటిపనియు చదువే కదా, గృహవిజ్ఞానము కాదా?” అని యొక సోదరి వ్రాసినారు. సార్వత్రిక పరీక్షలలో గృహవిజ్ఞానము నిజముగ నొక పాఠ్యవిషయమే. అందు ఆహారములోని పోషకములు, వస్త్రముల నూలు, పిల్లల పెంపకము, ఇంటి ఆదాయవ్యయములు కలవు. దానికి పుస్తకము కలదు, పరీక్ష కలదు, మార్కులు కలవు. గిన్నెలు తోముటకు మార్కులు వేయువారు నాకు ఇంతవఱకు తారసపడలేదు.

పరీక్షల మాట వచ్చినది కావున కొంచెము వివరముగ చెప్పవలెను. నేను కోనసీమలో మా తాతగారియొద్ద చదువుకొన్నదానను. అమరము, రఘువంశము, కుమారసంభవము, వసుచరిత్ర, ఛందస్సు ఆయన చెప్పగా నేర్చితిని. ఆ చదువు నాకు ఇచ్చిన సుఖము నేటికిని తఱుగలేదు. కాని పెండ్లియైన పిదప ఒక చిన్న యుద్యోగమునకు పోయినప్పుడు వారు రఘువంశమును గూర్చి అడుగలేదు. పదవ తరగతి మెమో కలదా యని యడిగిరి. ఇరువది నాలుగవ యేట సార్వత్రిక పాఠశాల ద్వారా ఆ పరీక్ష వ్రాసి, పత్రము సంపాదించితిని. నా బిడ్డలకు రఘువంశమును కావలెను, మెమోయు కావలెను.

చట్టము సంగతి ముందుగ తెలిసికొనుడు. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆఱేండ్లు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల పిల్లలకు సంబంధించినది. బిడ్డను చేరువనున్న బడిలో చేర్పించుట తల్లిదండ్రుల విధి యని దాని పదవ విభాగము చెప్పుచున్నది. చేర్పింపని తల్లిదండ్రులకు అందు శిక్ష చెప్పలేదు. అయినను ఎనిమిదవ తరగతి వఱకు బడిలో నుంచి, పిమ్మట ఇంట చదివించుట చిక్కు లేని త్రోవ యని మేమట్లు చేసితిమి.

పదునాలుగేండ్లు నిండిన పిల్లకు పదవ తరగతి పరీక్ష వ్రాయుటకు రెండు ద్వారములు కలవు. ఒకటి దేశమంతటికిని సంబంధించిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, ఎన్.ఐ.ఓ.ఎస్. అని వాడుక. అది 1989లో వెలసినది. రెండవది మన తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. ఉమ్మడి రాష్ట్రమున 1991లో నెలకొల్పిన సంస్థనుండి రాష్ట్రవిభజన పిమ్మట ఇది వేఱుపడినది. జాతీయ సంస్థలో అయిదు విషయములు చాలును; అందొకటియైనను భాష కావలెను. తెలుగులో చదివి తెలుగులో వ్రాయవచ్చును. ఏడాదికి రెండుమాఱులు పరీక్షలు జరుగును. ఒక్కమాఱు చేరినచో అయిదేండ్ల గడువు ఉండును. ఉత్తీర్ణమైన విషయమును తిరిగి వ్రాయ నక్కఱలేదు. అన్నియు ఒక్కమాఱే వ్రాయవలెనను తొందర లేనందున మా పెద్దది మొదట రెండు విషయములు, పిదప మూడు వ్రాసినది. విజ్ఞానశాస్త్రము తీసికొన్నవారు ప్రయోగములకు అధ్యయనకేంద్రమునకు పోవలెనని మఱువకుడు. పుట్టిన తేదీ పత్రమును, ఎనిమిదవ తరగతి పత్రమును భద్రముగ దాచుడు. డిగ్రీ వఱకు ఇదే పద్ధతిని పోదలచినవారికి జూబిలీహిల్సులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. 1982లో స్థాపింపబడిన ఆ విద్యాలయము దేశమున అట్టివానిలో మొదటిది.

ఇక కడపటి మాట. ఇంట చదువుట యనగా ఇల్లు కదలకుండుట కాదు. వారమున రెండు దినములు మా పిల్లలు బయటికి పోవుదురు. కొండాపూరులోని వృక్షోద్యానమున ఆకులను చూచి బొమ్మలు గీసికొందురు. శిల్పారామమున నేతగాండ్రను, కుమ్మరులను ప్రశ్నలు అడుగుదురు. దుర్గము చెఱువు ఒడ్డున నున్న రాళ్ల వయస్సు ఇంచుమించు రెండువందలయేబది కోట్ల యేండ్లని భూగోళమున చదివి, చేతితో తాకి చూచి వచ్చిరి. నెలకొకమాఱు రాయదుర్గమున మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మాఱి, ఉస్మానియా వైద్యకళాశాల స్టేషనులో దిగి, సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమునకు నడచి పోవుదురు. 1901నుండి తెలుగు పుస్తకములు కూర్చుచున్న గ్రంథాలయ మది. ఇప్పుడు ఇరువురు స్నేహితురాండ్రును వెంట వచ్చుచున్నారు. ఈడు పిల్లలతో మాటలు, నవ్వులు, చిన్న చిన్న పోట్లాటలు లేని చదువు ఉప్పు లేని పప్పువంటిది. “ఎదిగిన పిల్లలను ఒంటరిగ పంపుదువా?” యని అడుగువారు కలరు. తోడుతో పంపుదును, వేళ చెప్పి పంపుదును. పంపుట మాత్రము మాననని వారికి చెప్పుచున్నాను.

పిల్లలను ఇంట చదివింప దలచిన సోదరీమణులు పాఠ్యపుస్తకములు కొనుటకు ముందు ఒక రూళ్ల పుస్తకము కొనుడు. ఒక వారము గీతలు గీయుడు. వచ్చిన లెక్కను భర్తకును, అత్తగారికిని, మగపిల్లలకును చూపుడు. పని పంచుకొనుటకు వారు సమ్మతించిరేని ఇంట చదివింపుడు. సమ్మతింపరేని, బస్సు ఎంత దూరము తిరిగినను సరే, పిల్లను బడికే పంపుడు. అచ్చట గంట కొట్టు వఱకైనను ఆమెను పిలుచువారుండరు. మీ యిండ్లలో ఎన్ని గీతలు వచ్చినవో నాకు వ్రాసినచో, వచ్చు మాసము మన శీర్షికలో మఱల ముచ్చటించుకొందము.