వార్త చేరితే చాలునా?

గజేంద్రుని మొర వైకుంఠానికి చేరింది. హరి పరుగున వచ్చాడు. ఈ కథలో మొర చేరడం ఒక ఎత్తు, రక్షకుడు రావడం మరొక ఎత్తు. వార్తాసాధనాలు పేదదేశాల ఆరోగ్యాన్ని బాగుచేయగలవా అని లోకమంతటా చర్చ సాగుతున్న ఈ కాలంలో ఈ భేదాన్ని మనం మరువరాదు.

మొదటి పనిని యంత్రం చక్కగా నెరవేర్చింది. 2005 ఆగస్టు 15న నాటి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ ఆరంభమైంది. మూడంకెలు నొక్కితే హైదరాబాదు కేంద్రంలో ఆలకించేవారున్నారు. అక్కడినుండి సమీపంలోని వాహనానికి కబురు వెళుతుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన ఈ-సంజీవని వలన పల్లెలోని రోగిని పట్టణంలోని నిపుణుడు తెరపై చూచి సలహా చెప్పే వీలు కలిగింది. దారులు బాగుగా ఉన్న కరీంనగర్ మైదానంలో ఈ ఏర్పాట్ల ఫలం కంటికి కనిపిస్తుంది.

గోదావరి దాటి ఆదిలాబాద్ అడవులలోకి వెళితే కథ మారుతుంది. తిర్యాణి, నార్నూరు వంటి ప్రాంతాలలో జ్వరాలు ముసిరేదీ వానకాలమే, వాగులు పొంగేదీ వానకాలమే. కబురు క్షణంలో పోతుంది. వాహనం వాగు ఆవలి గట్టున ఆగిపోతుంది. నిండు గర్భిణిని మంచంమీద మోసి వాగు దాటించిన వార్తలు పత్రికలలో చదువుతూనే ఉన్నాము. వంతెన చేయవలసిన పనిని టెలిఫోను చేయలేదు గదా!

వాగుకంటె లోతైనది మరొకటి ఉన్నది, అది భాష. నొప్పి ఎక్కడ, ఎటువంటిది, ఎన్నాళ్లుగా అనే మూడు ప్రశ్నలకు పరాయి నుడిలో బదులు చెప్పడం చదువుకున్నవారికే కష్టం. ఇక గోండు తల్లికి, కొలాము వృద్ధునికి ఎంత కష్టమో ఊహించవచ్చును. తెర ఎంత స్పష్టంగా ఉన్నా మాట మసకబారితే ఔషధం గురి తప్పుతుంది.

ఈ సత్యం కొత్తది కాదు. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగిన తరువాత ఈ సీమకు వచ్చిన హైమెన్‌డార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఏర్పాటు చేయించి, గోండి వాచకాలు సిద్ధం చేయించారు. తరువాతి కాలంలో ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి కార్యక్రమాలు వినిపించింది. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో స్థానం లభించింది. బడిలోకి, రేడియోలోకి, యంత్రంలోకి ప్రవేశించిన ఈ భాష వైద్యుని చెవికి చేరడమే ముఖ్యం.

గోండి, కొలామి తెలిసిన ఆశా కార్యకర్తలను టెలిఫోను చెంతా తెర చెంతా దుబాసీలుగా నిలపాలి. వాగులపై వంతెనలు కట్టాలి. గజేంద్రుని మొరకు దుబాసి అవసరం కాలేదు. మన అడవిబిడ్డ మొరకు అవసరమే.