సురభి పుట్టింది మన జిల్లాలో... చూడాలంటే హైదరాబాద్ పోవాలా?

ఎండాకాలం సెలవులకు పిల్లల్ని వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో ఉన్న బంధువుల ఇంటికి పోవడం మన కడప జిల్లా పల్లెల్లో చాలామందికి అలవాటే. 2024 మే నెలాఖరులో నేనూ అట్లాగే మా చెల్లెలి ఇంటికి పోయాను. శనివారం సాయంత్రం మా బావ “ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, నాటకానికి పోదాం రా బావా” అని పిలుచుకుపోయినాడు. అక్కడ సురభి వారి ‘మాయాబజార్’ ఆడుతున్నారు.

నారదుడు మబ్బుల్లోంచి దిగాడు. అభిమన్యుడి బాణం, ఘటోత్కచుడి బాణం గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాలాయి. పళ్లెంలోని లడ్లు వాటంతట అవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే పిల్లలు కుర్చీలపైకెక్కి చప్పట్లు కొట్టారు. చేతిలో సెల్‌ఫోన్ ఉన్న పిల్లలు కూడా దాని మాటే మరిచారు. నాలుగో తరగతి చదివే మా అబ్బాయి అడిగాడు: “వీళ్లు ఎవరు నాయనా?”

“మన జిల్లా వాళ్లేరా” అన్నాను గర్వంగా.

“మరి మనూర్లో ఎప్పుడూ ఆడలేదే?”

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఊరి పేరే సమాజం పేరు

పెద్దవారికి ఈ సంగతి తెలిసినదే. పిల్లలకు తెలియదు గనుక చెప్పవలసి వస్తోంది. గండి వీరాంజనేయస్వామి వెలసిన చక్రాయపేట మండలంలోనే సురభి అనే పల్లె ఉంది. 1885లో అక్కడ ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావుగారి కుటుంబం ‘కీచక వధ’ నాటకం ఆడింది. అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలు ఆడించేవారు. తెర వెనుక బొమ్మల్ని ఆడించినవాళ్లే ఆ రోజు తెర ముందుకు వచ్చి వేషాలు కట్టారు. నాటకం పుట్టిన ఊరి పేరే వారి సమాజానికి పేరయింది.

మగవాళ్లే ఆడవేషాలు కట్టే ఆ కాలంలో, సురభి వారు తమ ఇంటి ఆడవాళ్లనే రంగస్థలం ఎక్కించారు. తాత తెర లాగితే, తండ్రి రాజు, తల్లి రాణి, పసిబిడ్డ లోహితాస్యుడు. ఒక కుటుంబం పదుల సమాజాలుగా పెరిగింది. ఒక్కో పట్టణంలో నెలల తరబడి డేరా వేసి, నేల టిక్కెట్టు, బెంచీ టిక్కెట్టు, కుర్చీ టిక్కెట్టు పెట్టి ఆడేవారు. చుట్టుపక్కల పల్లెల జనం బండ్లు కట్టుకుని పోయి తెల్లవార్లూ చూసి వచ్చేవారు.

సినిమాలు వచ్చాయి, ఆ తర్వాత టీవీ వచ్చింది. డేరాలు ఒక్కటొక్కటిగా లేచిపోయాయి. మిగిలిన సమాజాలు చేతివేళ్లమీద లెక్కపెట్టేటన్ని. ఆ కుటుంబాలలో చాలామంది హైదరాబాద్‌లో శేరిలింగంపల్లి వైపు సురభి కాలనీలో స్థిరపడ్డారు. సురభి బాబ్జీగా పేరున్న నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు. మన పల్లె పేరు ఢిల్లీ దాకా పోయింది. నాటకం మాత్రం పల్లెకు తిరిగి రాలేదు.

నగరంలో శని, ఆదివారాలు

నగరం వాళ్లను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. నిజానికి వాళ్లను మెచ్చుకోవాలి. ఎండ వేడికి పగలంతా ఇల్లు కదలని జనం, శని, ఆదివారాలు పొద్దు వాలగానే పిల్లలతో బయలుదేరుతారు. మాదాపూర్‌లోని శిల్పారామంలో కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లలు ఆరుబయట వేదిక మీద ఆడతారు. 1961లో తెరిచిన రవీంద్రభారతిలో నాటకాలు, సంగీత సభలు జరుగుతాయి. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే చోట 2010 నుంచి చిన్న నాటకాలు, పాటలు, ఉపన్యాసాలు పెడుతున్నారు. ఒక రాతిగోడ, ఒక చెట్టు, నాలుగు బల్లలు, ఇంత టీ. అంతకు మించి హంగులేమీ లేవు. అయినా జనం వస్తారు.

నేను అక్కడ గమనించినవి మూడు. ఒకటి, చెప్పిన గంటకు మొదలుపెడతారు. రెండు, ఏ రోజు ఏ కార్యక్రమమో ముందే తెలియజేస్తారు. మూడు, వచ్చినవాళ్లు నోరు మెదపకుండా కూర్చుంటారు. ఈ మూడింటికీ పెద్ద ఖర్చేమీ కాదు.

మరునాడు ఆదివారం పిల్లలకు శిల్పారామం చూపించాను. అక్కడ పల్లెటూరి నమూనా ఒకటి కట్టి ఉంచారు. మట్టిగోడల ఇళ్లు, కుమ్మరి సారె, మగ్గం, చేతిపనులు చేసుకుంటున్న మనుషుల బొమ్మలు. అచ్చం మన పెద్దవాళ్లలాగే ఉన్నాయి. జనం వాటి పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. టిక్కెట్టు కొనుక్కుని మన ఊరిని మనమే బొమ్మల్లో చూసుకోవలసి వచ్చిందే అని నాకు మనసు చివుక్కుమంది.

మన ఎండాకాలం

ఒకప్పుడు మనకూ ఎండాకాలమే ఆటపాటలకు సీజను. పంట ఇల్లు చేరుతుంది. సేద్యం పనులు తగ్గుతాయి. తొలకరి పడేదాకా చేతినిండా తీరిక. శ్రీరామనవమితో మొదలై జాతరలు, తిరునాళ్లు వరుసగా వచ్చేవి. భజన గుడిలో పొద్దుగూకితే చాలు, చెక్క భజన, పండరి భజన, కోలాటం. తోలుబొమ్మలవాళ్లు వస్తే ఊరంతా చాపలు, దుప్పట్లు తీసుకుని వీధిలో చేరేది.

అన్నిటికన్నా పెద్ద పని నాటకం. రెండు మూడు నెలల ముందే హార్మోనియం అయ్యవారిని పిలిపించి, ఊర్లో పెట్టుకుని, ఇంటికో పూట అన్నం పెట్టి పద్యాలు నేర్చుకునేవారు. మా నాయన ‘శ్రీకృష్ణ రాయబారం’లో అర్జునుడి వేషం కట్టేవాడు. వేలిముద్ర వేసే మా నాయనకు పద్యాలన్నీ నోటికి వచ్చేవి. మడక దున్నుతూ పాడుతుంటే పక్క చేనివాళ్లు ఎద్దులను నిలబెట్టి వినేవారు. ఆయన నాకు బడిలో చెప్పని భారతం చెప్పాడు.

నగరానికీ పల్లెకూ తేడా ఇక్కడే ఉంది. నగరంలో జనం టిక్కెట్టు కొని చూసి పోతారు. పల్లెలో మనమే వేషం కట్టినాము, మనమే చూసినాము. గడ్డివామి పక్కన పండే మనిషి ఆ ఒక్క రాత్రి ధర్మరాజు అయ్యేవాడు. మరునాడు ఊర్లో అతని మాటకు ఇంత విలువ పెరిగేది. మనం పోగొట్టుకున్నది ఒక్క వినోదం కాదు, ఆ మర్యాదను కూడా.

తప్పు ఎవరిది?

సినిమాది, టీవీది, సెల్‌ఫోన్‌ది అని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. హైదరాబాద్‌లో సినిమా హాళ్లు లేవా? సెల్‌ఫోన్లు లేవా? అక్కడ నాటకానికి జనం వచ్చినప్పుడు ఇక్కడ ఎందుకు రారు? తప్పులో మన వాటా ఎంతో చెప్పుకోవాలి. ముందు నా వాటా నేను చెబుతాను.

2022లో మా ఊరి జాతరకు వేసిన కమిటీలో నేనూ ఒకడిని. హార్మోనియం అయ్యవారు కమిటీ దగ్గరికి వచ్చి, “పాత నటులు ఇంకా నలుగురున్నారు, ఒక్క రాత్రి రాయబారం ఆడిద్దాం” అన్నాడు. ఖర్చు చెప్పాడు. ఎక్కువని అంతా బేరం చేశాం. చివరికి కుర్రవాళ్ల మాట విని డీజే, డ్యాన్సు కార్యక్రమం పెట్టాం. దానికి అయ్యవారు అడిగినదానికి మూడింతలు ఇచ్చాం. అప్పుడు ఎవరమూ బేరం చేయలేదు. నేను కూడా చెయ్యి ఎత్తాను.

ఆ రాత్రి పది కాకముందే ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని ఇళ్లకు పోయారు. పదకొండుకు తాగినవాళ్లు కొట్టుకున్నారు. కార్యక్రమం సగంలో ఆపవలసి వచ్చింది. తెల్లవారి అయ్యవారు కనపడితే తల దించుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. “పెట్టె వాయించేదానికి చేతులుండాయి నాయనా. కూర్చుని వినేవాళ్లు యాడుండారు?” అని మాత్రం అన్నాడు.

2023లో ఆయన కాలం చేశారు. ఆయన హార్మోనియం మనవడి ఇంట్లో అటక మీద ఉంది. ఆయనకు తెలిసిన వరసలు ఎవరూ రికార్డు చేసుకోలేదు. జేబులో సెల్‌ఫోన్ పెట్టుకుని తిరిగే నాకు ఆ ఆలోచనే రాలేదు. వార్తల కోసం ఎవరెవరి ఫోటోలో తీశాను. ఆయన పాట ఒక్కటి పట్టలేదు.

చేయదగినవి ఉన్నాయి

ఇప్పుడైనా మించిపోయింది లేదు. మొదటిది, సురభి పల్లెలోనే ఏటా ఎండాకాలంలో ఒక శని, ఆదివారం నాటకోత్సవం జరిపించాలి. సురభి నాటకమంటే ఒక మైకు, ఒక బల్లతో అయ్యే పని కాదు. లారీలకొద్దీ తెరలు, తీగలు, సామాను రావాలి. కట్టుకోవడానికి పూట పడుతుంది. పెద్ద సమాజానికి భోజనం, వసతి, నిలకడైన కరెంటు కావాలి. ఈ బరువు ఒక పంచాయతీ మోయలేదు. జిల్లా యంత్రాంగం, పర్యాటక శాఖ పూనుకోవాలి.

రెండవది, ఎండాకాలంలో మన జిల్లాలో జనం లేక కాదు. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణానికి వేలకు వేలు వస్తారు. వైశాఖంలో బ్రహ్మంగారి మఠంలో ఆరాధన ఉత్సవాలు జరుగుతాయి. సురభి వారు బ్రహ్మంగారి చరిత్రను ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నారు. ఆ నాటకం ఆరాధన సమయంలో మఠం ముందే ఆడితే ఎంత బాగుంటుంది! ఎప్పుడో ఒకసారి పిలిచి సరిపెట్టుకోకుండా ఏటా జరిగే ఏర్పాటు చేయాలి. జిల్లాలోని చెక్క భజన, కోలాటం బృందాలకూ అక్కడ చోటు ఇవ్వాలి. పది నిమిషాలు ఆడించి శాలువా కప్పి పంపడం కాదు, కళాకారుని కూలి ఆ రాత్రే చేతిలో పెట్టాలి.

మూడవది మన చేతిలోనిది. దీనికి ఏ అధికారి సంతకమూ అక్కరలేదు. మే నెలలో ప్రతి శనివారం రాత్రి భజన గుడి తలుపు తీద్దాం. ఎనిమిదికి మొదలుపెట్టి పదకొండుకు ముగిద్దాం. జాతర చందాలో డీజేకు పోయేదాంట్లో సగం ఊరి కళాకారులకు తీసిపెడదాం. సెలవుల్లో ఉన్న పిల్లలకు పెద్దవాళ్ల చేత రోజుకో పద్యం, ఒక కోలాటం అడుగు నేర్పిద్దాం. ఆడపిల్లలనూ కూర్చోబెడదాం; 1885 నాటి కళను నిలబెట్టింది ఆడవాళ్లే కదా. పద్యం వచ్చిన ముసలివాళ్లు ఊరికి ఒక్కరున్నా, వారి చేత పాడించి సెల్‌ఫోన్‌లో పట్టి ఉంచుదాం.

“ఎవరు చూస్తారబ్బా?” అని అడిగేవాళ్లు తప్పక ఉంటారు. లడ్లు గాలిలో లేచినప్పుడు మా అబ్బాయి ముఖం చూసి ఉంటే వాళ్లు ఆ మాట అనరు. వాడు ఊరికి తిరిగివచ్చి జేజి కొంగులో బోరుగులు పోసుకుని, ఘటోత్కచుడిలా ఎగరేసి నోట్లో పట్టుకోవాలని వారం రోజులు తిప్పలు పడ్డాడు. చూసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు చూపించే పెద్దలే లేరు.

వచ్చే జాతర కమిటీలో ఈ మాట నేను పెడతాను. ఈసారి చెయ్యి ఎటు ఎత్తాలో నాకు తెలుసు. మీ ఊర్లో మీరు కూడా పెట్టండి.