ముద్దాయికి వకీలు వలదా?

న్యాయవాద వృత్తిలో సివిలు పనికొక నీతి, క్రిమినలు పనికొక నీతి యేర్పడుట మిక్కిలి వింతగా నున్నది. జిల్లా కోర్టులలో వకీళ్లు పెక్కుమంది రెండు పనులును చేయుదురు. ప్రొద్దుట భాగపు దావాలో సాక్షిని విచారించినవాడే మధ్యాహ్నము మేజిస్ట్రేటు నెదుట జామీను దరఖాస్తుపై వాదించును. తోబుట్టువుల వాటా నపహరించినవాని పక్షమునను, దొంగ దస్తావేజు పుట్టించి బీదవాని చెలక నాక్రమించుకొన్నవాని పక్షమునను వకాల్తా పుచ్చుకొనుటకు సంకోచించు వకీళ్లు అరుదు. అట్టివాని కెవ్వరును పనిచేయరాదని యే బారు సంఘమైనను తీర్మానించినట్లు మేము వినలేదు. ఒక పక్షమునకు మూడు వాయిదాలకు మించి యీయరాదని సివిలు ప్రొసీజరు కోడు చెప్పుచున్నను, వాయిదా వెంబడి వాయిదా సంపాదించిపెట్టుట వకీలు నేర్పుగానే యెన్నబడుచున్నది. కాని చేతులకు సంకెళ్లు పడినవాడు, లోకముచే ఛీ యనిపించుకొన్నవాడు, చేత పైకము లేనివాడు కోర్టు గుమ్మము తొక్కగనే మా సోదరులకు నీతి జ్ఞప్తికి వచ్చును!

2019 నవంబరు 27వ తేదీ రాత్రి హైదరాబాదునకు సమీపమున శంషాబాదు వద్ద ఒక పశువైద్యురాలి పట్ల జరిగిన ఘోరమును చదువరులు మరచియుండరు. ఆ యింటివారి దుఃఖమునకు సాటి లేదు. దోషులకు కఠినశిక్ష పడవలెనని అందరును కోరిరి, మేమును కోరితిమి. నలుగురు పట్టువడిరి. వెంటనే షాద్‌నగరు న్యాయవాదులు, ఆ నలుగురికి న్యాయసహాయము చేయబోమని ప్రకటించిరి. జనులు మెచ్చుకొనిరి. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున, కోర్టులో విచారణ యారంభము కాకమునుపే, చటాన్‌పల్లి వద్ద ఆ నలుగురును పోలీసువారి తుపాకులకు కూలిరి. కాల్చినవారిపై జనులు పూలు చల్లిరి.

సుప్రీముకోర్టు నియమించిన సిర్పుర్కరు కమిషనువారి నివేదిక 2022లో వెల్లడి యయ్యెను. ఆ కాల్పులు చంపవలెనను ఉద్దేశముతోనే జరిగినవనియు, పదిమంది పోలీసు ఉద్యోగులపై హత్యానేరము క్రింద విచారణ జరుగవలెననియు కమిషను అభిప్రాయపడెను. అంతకంటె మమ్ము కలచివేసిన మాట వేరొకటి అందున్నది. చచ్చిన నలుగురిలో మువ్వురు పదునెనిమిదేండ్లు నిండనివారని కమిషను తేల్చెను.

ఈ మాటను వకీళ్లు మరల మరల చదువుకొనవలెను. నిందితుడు బాలుడైనచో వాని విచారణ మార్గమే వేరు. వయస్సును గూర్చిన ప్రశ్నను ఏ కోర్టునందైనను, ఏ దశయందైనను లేవదీయవచ్చునని 2015 నాటి బాలన్యాయ చట్టము చెప్పుచున్నది. పాఠశాల దాఖలా పుస్తకపు నకలు ఒక్కటి తెచ్చి మేజిస్ట్రేటు బల్లపై పెట్టుటకు గొప్ప బారిష్టరు అక్కరలేదు. మొన్న సన్నదు పుచ్చుకొన్న కుర్రవకీలు చాలును. రిమాండు నాడు అడుగవలసిన ప్రశ్నలు చిన్నవి. వీనిని ఎప్పుడు పట్టుకొంటిరి? ఇరువదినాలుగు గంటలలో హాజరుపరచితిరా? ఒంటిపై దెబ్బలున్నవా? వయస్సెంత? ఈ ప్రశ్నలడుగువాడుండినచో ఆ నలుగురు బ్రదికియుందురని మేము చెప్పజాలము. అడుగువాడు ముందుకు రాకుండ చేయుటలో మాత్రము మా వృత్తివారి చేయి యున్నది.

నేరస్థుని కాపాడుట పాపము కాదా యని మిత్రులు కొందరు మమ్ము నిలదీయుదురు. వకీలు కాపాడునది నేరమును కాదు. ప్రాసిక్యూషనువారు తెచ్చిన సాక్ష్యమును చేటలో పోసి చెరుగువాడు లేనిచో, గింజ యేదో తాలు ఏదో న్యాయమూర్తికి తెలియుట యెట్లు? తప్పు పట్టుకొన్నవానికి శిక్ష పడినచో, అసలు దోషి వీధిలో సుఖముగ తిరుగుచుండును. ముద్దాయి దోషి యని తనకు తోచినను తోపకున్నను వానిపక్షమున వాదింపవలెనని బారు కౌన్సిలు నియమములే విధించుచున్నవి. తన కిష్టమైన వకీలుచే వాదింపజేసుకొను హక్కును రాజ్యాంగము 22వ అధికరణము ప్రసాదించినది. కస్టడీలో నున్నవానికి ఉచితముగ వకీలు నిచ్చుటకు 1987 నాటి చట్టము గలదు. కావున ఫీజు రాదను సాకును చెల్లదు.

ఇట్టి తీర్మానములు చెల్లవని సుప్రీముకోర్టు 2010లోనే తీర్పు చెప్పెను. కోయంబత్తూరు వకీళ్లు తమతో ఘర్షణపడిన పోలీసువారి పక్షమున నెవ్వరును నిలువరాదని తీర్మానించుకొనిన వ్యవహారమది. హైదరాబాదు రజాకార్లకును, గాంధీమహాత్ముని హత్య కేసులోని ముద్దాయిలకును సహితము మన వకీళ్లు పనిచేసిరని ధర్మాసనము అందు జ్ఞాపకము చేసెను. తొమ్మిదేండ్లు గడచిన పిమ్మట షాద్‌నగరులో ఆ తీర్పు ఎవరికిని జ్ఞాపకము లేకపోయెను!

మన బారు సంఘములవారు ప్రకాశం పంతులుగారి పటమునకు దండలు వేయుదురు గాని, ఆయన వృత్తిజీవితమును తలచినట్లు కానరాదు. రాజమహేంద్రవరమున సెకండు గ్రేడు ప్లీడరుగా నుండి, ఇంగ్లండు వెళ్లి బారిష్టరై వచ్చి, చెన్నపట్టణమున విశేషముగ ధనమార్జించిన వకీలాయన. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ దొరను మణియాచ్చి స్టేషనులో వాంచినాథుడు కాల్చి చంపిన పిమ్మట నడచిన కుట్రకేసులో, ముద్దాయిల తరపున నిలిచినవారిలో పంతులుగారొకరు. చచ్చినవాడు తెల్లదొర. కేసు నడచినది తెల్లదొరల హైకోర్టులో. మరునాడు తన సివిలు దావాల కొరకు ఆ కోర్టు మెట్లే యెక్కవలసిన బారిష్టరు ఈ కేసు తన కెందుకని యనలేదు. అంతకు రెండు మూడేండ్లకు ముందు కలకత్తాలో చిత్తరంజన్ దాస్‌గారు అలీపూరు బాంబు కేసులో అరవిందుల పక్షమున వాదించి, 1909లో వారిని విడిపించిరి. నాటి ప్రభుత్వము దృష్టిలో వారును లోకకంటకులే.

మేము కోరునది స్వల్పము. ముద్దాయిలను బహిష్కరించు ప్రకటనలు ఎక్కడెక్కడ చేయబడినవో అక్కడి బారు సంఘములు వానిని బహిరంగముగ ఉపసంహరించుకొనవలెను. రిమాండు పనికి వకీళ్ల వరుసపట్టీ యొకటి వ్రాసి మేజిస్ట్రేటు కోర్టు గోడకు తగిలింపవలెను. అందు మొదటి పేరు సంఘాధ్యక్షునిదే కావలెను. ఆ పదిమంది పోలీసు ఉద్యోగులే యొకనాడు బోనెక్కవలసి వచ్చినయెడల వారికిని గట్టి వకీలు దొరకవలెను. వారి పక్షమున నెవ్వరును నిలువరాదని మా మిత్రులు అప్పుడు తీర్మానింపబూనినచో, దానిని ఎదిర్చి ఈ పుటయందే వ్రాయుదుము.