యంత్రానికి కళ్లెన్ని? బాధ్యత ఎవరిది?

డ్రైవరు లేని కారుకు చూపు నిచ్చే సాధనాలేవి అన్న విషయమై నేడు కంపెనీల మధ్య తీవ్రమైన వివాదం సాగుతున్నది. ఇది ఇంజనీర్ల గొడవ అని మనం ఉపేక్షించరాదు. రైలింజను నడిపేవారికీ, తపాలా మోటారు నడిపేవారికీ రేపు ఎదురు కాగల ప్రశ్న ఇది.

ఆ సాధనాలు ముఖ్యంగా మూడు. కెమెరా చౌక; దీపపు రంగునూ, బోర్డు మీది అక్షరాన్నీ చదవగలిగేది అదే. కాని చీకటి, పొగమంచు, ఎదురెండ దానికి శత్రువులు. రాడార్ రేడియో తరంగాలతో దూరాన్నీ, వేగాన్నీ కొలుస్తుంది; వానకూ మంచుకూ అంతగా లొంగదు. అయితే ఎదుటనున్న వస్తువు రూపాన్ని స్పష్టంగా చెప్పలేదు. లైడార్ లేజరు కాంతిని పంపి, అది తిరిగివచ్చే కాలాన్నిబట్టి వస్తువు రూపాన్ని సూక్ష్మంగా గ్రహిస్తుంది. కాని ఖరీదు హెచ్చు, దట్టమైన మంచులో తడబడుతుంది. వేమో కంపెనీ మూడింటినీ వాడుతున్నది. టెస్లా 2021లో ఉత్తర అమెరికాలోని తన మోడల్ 3, మోడల్ వై కార్లలో రాడార్‌ను తొలగించి, కెమెరాలే చాలునన్నది.

ఒకదాని లోపాన్ని మరొకటి పూరించడమే భద్రత. రైల్వేలకిది కొత్త సూత్రం కాదు. పొగమంచులో సిగ్నలు కంటికి ఆననప్పుడు పట్టాలపై డిటొనేటర్లతో చెవికి హెచ్చరిక అందించడం పాత పద్ధతే. 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజనులో గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య ప్రదర్శించిన ‘కవచ్’ కూడా ఈ కోవలోనిదే. పట్టాల మధ్య అమర్చిన ట్యాగులు, రేడియో సందేశాల ఆధారంగా, లోకో పైలట్ బ్రేకు వేయలేకపోతే అది తానే వేస్తుంది. మనిషిని తొలగించదు, మనిషికి అండగా నిలుస్తుంది.

అయితే కళ్లు ఎక్కువైనంత మాత్రాన చాలదు. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపీ నగరంలో ఉబర్ పరీక్షా కారు ఢీకొని, రోడ్డు దాటుతున్న ఒక మహిళ మరణించింది. ఆ కారుకు మూడు సాధనాలూ ఉన్నాయి. రాడార్ 5.6 సెకన్ల ముందే ఆమెను పసిగట్టింది. కాని యంత్రం ఆమెను పాదచారిగా గుర్తించలేదు. కారుతో వచ్చిన అత్యవసర బ్రేకు ఏర్పాటును కంపెనీ పరీక్షల సమయంలో పనిచేయకుండా ఉంచింది. స్టీరింగు వద్దనున్న ఉద్యోగిని ఫోను చూస్తున్న మాట నిజమే. జాతీయ రవాణా భద్రతా మండలి ఆమె అజాగ్రత్తతోపాటు కంపెనీ భద్రతా లోపాలనూ ఎత్తిచూపింది. అయినా నేరాభియోగం ఉద్యోగినిపైనే వచ్చింది, కంపెనీపై రాలేదు.

యంత్రాలను మనం వ్యతిరేకించడం లేదు. ఖర్చు తగ్గించుకోవడానికి రక్షణ సాధనాన్ని తొలగించరాదు. ప్రమాదం జరిగినప్పుడు చక్రం పట్టిన చేతినే కాక, ఆ నిర్ణయం చేసిన సంతకాన్ని కూడా విచారించాలి. ఇది న్యాయమైన కోరిక.