పక్షి చిన్నదైతేనేం?

పులికాట్ సరస్సు చూసి వచ్చినవారి ఫోటోలు సాధారణంగా రెండు రకాలు. ఒకదాంట్లో ఆకాశమూ నీళ్ళూ తప్ప మరేమీ వుండవు. రెండోదాంట్లో బెదిరి లేచిపోతున్న పక్షులుంటాయి. మొదటిదానిలో వెలితి వుంది. రెండోదానిలో అన్యాయం వుంది.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యగా తూర్పుకు సాగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వొరిగి వుంటాడు కనుక, ఉత్తరం వైపు తిరిగి తీయండి. వెలుగు మీ వెనుకనుంచి పడి, ఫ్లెమింగోల గులాబి రంగు తేటగా వస్తుంది. దక్షిణం వైపు తీస్తే నల్లని నీడబొమ్మలే మిగులుతాయి.

నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతను సరిగ్గా నడుమ పెట్టకండి. మబ్బులు బాగుంటే ఆకాశానికి, నీళ్ళు బాగుంటే నీళ్ళకు రెండుపాళ్ళు ఇవ్వండి. గీత వొరిగితే మాత్రం సరస్సు వొలికిపోతున్నట్టుంటుంది! పక్షులు గోరంత కనిపించినా సరే. ఆ నీళ్ళు యెంత విశాలమో చెప్పేవి అవే.

"నాన్నా, ఒక రాయి విసురు, ఎగురుతుంటే తీద్దాం" అంటారు పిల్లలు. విసరకండి. ఫ్లెమింగో తలను తలకిందులుగా నీళ్ళలో ముంచి, ముక్కుతో బురదనీటిని వడకట్టి తింటుంది. అలా కడుపు నిండడానికి చాలాసేపు పడుతుంది. ఎగరాలంటే నీళ్ళలో కొంతదూరం పరుగెత్తాలి. మన ముచ్చటకు దాని మేతా, శక్తీ ఖర్చు!

పక్షులు మేత మాని తలలెత్తాయంటే మీరు మరీ దగ్గరకు వెళ్ళారన్నమాట. నాలుగడుగులు వెనక్కు వేయండి. అవి మళ్ళీ తలలు వంచాక మీట నొక్కండి.