రౌతు కొద్దీ గుర్రం

'క్లినిక్' అనగానే మందుల వాసన, టోకెన్ పట్టుకుని కూర్చున్న రోగులు గుర్తొస్తారు. గుర్రపు స్వారీ నేర్చుకునేవాళ్ల లోకంలో మాత్రం ఆ మాటకు అర్థం వేరు. పేరున్న గురువు ఒకరు ఎక్కడినుంచో వచ్చి, రెండు మూడు రోజులు ఉండి, ఒక్కో రౌతునూ ముప్పావుగంటసేపు చూసి తప్పులు దిద్దే శిబిరం అది. అయితే ఇక్కడా నాడి చూడటం ఉంటుంది. జబ్బు గుర్రానిదా, రౌతుదా... అది తేలడమే అసలు విశేషం!

ఈ శిబిరాల్లో నేర్పే విద్యల్లో ముఖ్యమైనది 'డ్రెసాజ్'. ఫ్రెంచిలో తర్ఫీదు అని అర్థం. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న మైదానంలో గుర్రం ఓసారి పక్కకు జారినట్టు నడుస్తుంది. ఓసారి ఉన్నచోటే తాళం వేసినట్టు అడుగులేస్తుంది. పైనున్న మనిషి మాత్రం ఏమీ చేయనట్టే కనిపిస్తాడు. అలా కనిపించడానికి ఏళ్లు పడుతుంది.

తప్పు ఎవరిది?

'మా గుర్రం ఎడమవైపు తిరగనంటోంది' అని రౌతు ఫిర్యాదు చేస్తాడు. గురువు చూపు ముందుగా వెళ్లేది జీను మీదున్న మనిషి వైపే. కుడి భుజం కిందికి జారి ఉంటుంది. బరువంతా ఒక పక్కకే పడుతుంటుంది. ఊపిరి బిగబట్టి ఉంటాడు. ఒంటిమీద ఈగ వాలినా పసిగట్టి చర్మాన్ని అదిలించుకునే జీవి గుర్రం. అలాంటిది, వీపు మీద మనిషి ఓ పక్కకు ఒరిగితే దానికి తెలియదా?

తెలియనిది రౌతుకే. ఏళ్ల తరబడి అలవాటైన వంకర అతనికి తిన్నగానే అనిపిస్తుంది. గురువు భుజం సరిచేయగానే, ఇప్పుడే వంకరగా కూర్చున్నట్టు ఇబ్బంది పడతాడు. అందుకే ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా బయటినుంచి చూసే కన్ను ఒకటి కావాలి. తక్కువ ఫీజు కట్టి, కుర్చీల్లో కూర్చుని చూసేవాళ్లూ ఉంటారు. ఒకరికి చెప్పిన పాఠం పదిమందికి పనికొస్తుంది.

పగ్గం లేని పాఠం

వచ్చినవాళ్లకు చాలాసార్లు నిరాశ కలిగించేది మొదటి పాఠమే. గొప్ప గొప్ప విన్యాసాలు నేర్పుతారనుకుంటే, గురువు పొడవాటి తాడు కట్టి గుర్రాన్ని తన చుట్టూ తిప్పుతారు. రౌతు చేతిలో పగ్గాలుండవు. కాళ్లకు రికాబులుండవు. పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడే నడుము తన పని తాను చేయడం నేర్చుకుంటుంది. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తగా చేరినవాళ్లకు చదువు మొదలయ్యేది ఇలాగే. అక్కడ కుర్రవాళ్లకు పాఠం చెప్పేది బాగా తర్ఫీదైన పెద్ద గుర్రం. ఆ కుర్రవాళ్లు ఎదిగాక పిల్ల గుర్రాలకు నేర్పుతారు. 2015లో యునెస్కో ఈ విద్యను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఆ స్కూలుకు 1939 నుంచి పాతికేళ్లకుపైగా సారథ్యం వహించిన అలోయిస్ పొదాయ్‌స్కీ, 1936 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన రౌతు. ఆయన తన పుస్తకానికి పెట్టుకున్న పేరుకు తెలుగులో అర్థం... 'నా గుర్రాలు, నా గురువులు'!

తర్వాత వచ్చేది 'హాఫ్ హాల్ట్'. గుర్రం ఆగదు, ఆగబోతున్నట్టు సర్దుకుంటుంది. రౌతు ఒక్క క్షణం నడుము నిలిపి, వేళ్లు మూసి, వెంటనే వదలాలి. లాగడం అందరికీ వచ్చు. చిక్కంతా వదలడం దగ్గరే. 'సరిగ్గా చేశావు' అని గుర్రానికి చెప్పే మాట ఆ వదలడమే మరి. దానికి ఆ మాట వినబడకపోతే, రేపు ఇంకా గట్టిగా లాగాల్సి వస్తుంది.

జర్మన్ సంప్రదాయంలో దీనికంతటికీ ఆరు మెట్లున్నాయి. లయ, ఒంటి సడలింపు, పగ్గంతో మెత్తని స్పర్శ, ఊపు, తిన్నదనం, చివరికి ఒద్దిక. సరళీ స్వరాలు రాకుండా కృతి ఎత్తుకుంటే ఎలా ఉంటుందో, లయ కుదరకుండా చివరి మెట్టు ఎక్కబోయినా అలాగే ఉంటుంది.

బలంతో పనిలేదు

డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకింది. మోకాళ్ల కింద కాళ్లు పనిచేయలేదు. గుర్రం ఎక్కాలన్నా, దిగాలన్నా మరొకరి సాయం కావాల్సిందే. ఒలింపిక్ డ్రెసాజ్‌లో మహిళలకు తొలిసారి అవకాశం దక్కింది 1952 హెల్సింకీలో. మగవాళ్లతో సమానంగా పోటీపడి ఆమె అక్కడ రజతం గెలిచారు. 1956లో మరో రజతం! పిక్కలతో అదిలించలేని మనిషి మాట ఆమె గుర్రం జూబిలీ ఎలా విన్నట్టు? నడుము కదలికతో, ఒంటి బరువుతో ఆమె చెబుతుంటే విన్నది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ 2024లో బయటపడింది. పారిస్ ఒలింపిక్స్‌కు కొద్ది రోజుల ముందు, బ్రిటన్‌కు చెందిన ఒక ఒలింపిక్ స్వర్ణ విజేత పోటీ నుంచి తప్పుకున్నారు. అంతకు కొన్నేళ్ల క్రితం ఒకరికి శిక్షణ ఇస్తూ, గుర్రం కాళ్లమీద కొరడాతో పదేపదే కొట్టిన వీడియో అందుకు కారణం. అంతర్జాతీయ సమాఖ్య ఆమెపై ఏడాది నిషేధం విధించింది. పతకాలున్నంత మాత్రాన పాఠం మంచిదైపోదు. గురువును నమ్మి గుర్రాన్ని అప్పగించిన శిష్యులకు అది పెద్ద హెచ్చరిక. బలవంతంగా చేయించినదాంట్లో అందం ఉండదని గ్రీకు రచయిత జెనొఫొన్ దాదాపు 2400 ఏళ్ల క్రితమే రాశాడు.

మనవాళ్ల పసిడి

2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా డ్రెసాజ్ జట్టు విభాగంలో మనదేశానికి స్వర్ణం తెచ్చారు. అశ్వక్రీడల్లో అంతకుముందు భారత్‌కు స్వర్ణం దక్కింది 1982 ఢిల్లీ క్రీడల్లోనే. అంటే 41 ఏళ్ల నిరీక్షణ! దాని వెనక ఐరోపాలో గురువుల దగ్గర గడిపిన ఏళ్లున్నాయి. అనుష్ పదిహేడేళ్ల వయసులోనే ఇల్లు వదిలి జర్మనీ వెళ్లాడు. 2024 పారిస్‌లో, ఒలింపిక్ డ్రెసాజ్ బరిలో దిగిన తొలి భారతీయుడయ్యాడు.

ఇప్పుడు నగరాల్లో పిల్లల్ని స్వారీ తరగతుల్లో చేర్చే తల్లిదండ్రులూ ఉన్నారు. ఫీజు కట్టేముందు ఒక్కరోజు వెళ్లి పక్కన కూర్చుని చూడటం మంచిది. గుర్రం మొరాయిస్తే శిక్షకుడి చేయి ముందు కొరడా వైపు వెళుతుందా, లేక పిల్లవాడి భుజాన్ని సరిచేస్తుందా? పాఠం అయ్యాక పగ్గాలు వదులు చేసినప్పుడు గుర్రం మెడ కిందికి చాచి, నింపాదిగా ఊపిరి వదులుతుందా? తల ఎగరేస్తూ, కళ్లెం కొరుకుతూ బిర్రబిగుసుకుని ఉంటుందా? ఆ శిక్షకుడి సంగతి గోడమీది సర్టిఫికెట్ల కంటే ఆ గుర్రమే బాగా చెబుతుంది.