రూలు మార్చేది వాళ్ళు, లేటు ఫీజు కట్టేది మనం

2024 జులై 23న బడ్జెట్లో కాపిటల్ గెయిన్స్ రేట్లు మార్చి, ఆ రోజు నుంచే అమలన్నారు. షేర్ల మీద షార్ట్ టర్మ్ 15 నుంచి 20 శాతం, లాంగ్ టర్మ్ 10 నుంచి 12.5. అంటే ఒకే ఏడాదికి రెండు లెక్కలన్నమాట!

సరే, మరి దానికి ఐటీఆర్-2 ఎక్సెల్ యుటిలిటీ ఎప్పుడొచ్చింది? 2025 జులై 11న. మామూలు గడువేమో జులై 31!

సెప్టెంబర్ 15 దాకా పెంచారుగా అంటారా? పెంచారు. ఆ ఆఖరి రాత్రి ఇంకొక్క రోజు కూడా విదిలించారు. మధ్యలో రిక్వైర్‌మెంట్ మార్చేసి ఇలా చేసే క్లయింటుని మన ఆఫీసులో ఏమని తిట్టుకుంటాం?

మనమంటే కుస్తీపడి ఆన్‌లైన్లో నింపుకుంటాం. షేర్లు అమ్మిన మొగుడంపల్లి టీచరు జహీరాబాద్‌లో రిటర్నులు నింపే ఆయన దగ్గరికి పోతే, యుటిలిటీయే రాకుండా ఆయన మాత్రం ఏం చేస్తాడండీ?

మనం లేటైతే 234ఎఫ్ కింద 5,000 దాకా వాత. వాళ్ళు లేటైతే? సున్నా. యుటిలిటీ వచ్చిన రోజు నుంచే గడువు లెక్కపెట్టాలని చట్టంలోనే రాయండి, చాలు.